తక్కువ బడ్జెట్‌లో మౌంటెన్ బైక్: ఏది సరుకు, ఏది స్టిక్కరు?

కొత్తచక్రం

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి. మౌంటెన్ బైక్ కొందామనుకుంటున్నాను. బడ్జెట్ అడుగు మెట్టు మీదే ఉంది, పెంచమని మాత్రం అనకండి. రోజూ ఆఫీసుకు ఏడు కిలోమీటర్లు, సెలవు రోజుల్లో మట్టి రోడ్లు, చిన్న చిన్న గుట్టలు. నా బరువు 82 కిలోలు.

రెండు సైకిళ్ల దగ్గర ఆగిపోయాను. ధర ఇంచుమించు ఒకటే.

మొదటిదానికి ముందూ వెనకా సస్పెన్షన్, 21 గేర్లు, డిస్క్ బ్రేకులు, 26 అంగుళాల చక్రాలు. చూస్తే మోటార్ సైకిల్‌లా ఉంది. రెండోదానికి సస్పెన్షన్ ముందు మాత్రమే. ముందు పళ్ల చక్రం ఒకటే, వెనక 8 గేర్లు, డిస్క్ బ్రేకులు, 27.5 అంగుళాల చక్రాలు. రంగు కూడా బూడిద రంగు, చూడగానే నచ్చేలా లేదు.

కాగితం మీద మొదటిదే గెలుస్తోంది. షాపతను కూడా అదే తీసుకోమంటున్నాడు. అదే డబ్బుకి అన్ని ఎక్కువ ఎలా ఇస్తున్నారన్నదే నా అనుమానం. స్పెక్ చూసి నాణ్యత పోల్చుకునే దారి ఏదైనా ఉందా?

గ్రీజుచేతులు

మీ అనుమానమే మీకు సగం జవాబు. డబ్బు ఒకటే అయినప్పుడు ఒక సైకిల్లో సామాను ఎక్కువ ఉందంటే ఒక్కో సామానుకీ తక్కువ ఖర్చు పెట్టారనే. 

పదిహేనేళ్లుగా సైకిళ్లు విప్పి బిగిస్తున్నాను. ఈ ధరలో వచ్చే వెనక సస్పెన్షన్ గురించి మొహమాటం లేకుండా చెప్తాను. లోపల ఉండేది ఉత్త స్ప్రింగు. అది నొక్కుకున్నాక మెల్లగా తిరిగి రావాలంటే డ్యాంపింగ్ కావాలి, ఈ రకంలో అది ఉండదు. గుంతలో పడితే ఎంత కిందికి పోతుందో అంతే విసురుగా మిమ్మల్ని పైకి ఎగరేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మీ కాలి బలంలో కొంత చైనుకి పోయి, కొంత ఆ స్ప్రింగును నొక్కడానికి పోతుంది. ఇక ఫ్రేము వెనక భాగం ఊగే కీళ్లలో చాలావాటికి బేరింగులు ఉండవు, ప్లాస్టిక్ బుష్షులు ఉంటాయి. దుమ్ము, నీళ్లు చేరితే అవి అరుగుతాయి, వెనక చక్రం పక్కలకి ఆడటం మొదలవుతుంది. దాన్ని సరిచేయడానికి విడి బుష్షులు దొరకవు.

మొదటిదాన్ని లిస్టులోంచి కొట్టేయండి. రెండోదాన్ని పరీక్షిద్దాం, అది కూడా పాసవుతుందని నేనింకా అనలేదు.

అడ్డప్రశ్న

ఆఫీసుకి వెళ్లడానికి ఇంత శాస్త్రం ఎందుకండీ? మా పక్కింటి కుర్రాడు సరిగ్గా మొదటి రకం సైకిలే రెండేళ్లుగా తొక్కుతున్నాడు. ఏమీ కాలేదు.

గ్రీజుచేతులు

ఆ కుర్రాడి బరువెంత? వారానికి ఎన్ని కిలోమీటర్లు? మట్టిలో తొక్కుతాడా? 50 కిలోల పిల్లాడు వీధి చివరిదాకా వెళ్లి వస్తే ఏ సైకిలైనా రెండేళ్లు నిలుస్తుంది. ఈయన 82 కిలోలు, రోజుకి 14 కిలోమీటర్లు, ఆపైన గుట్టలు.

మట్టిదారి

బరువు మాట వచ్చింది కాబట్టి, కొనేవాళ్లు ఎవరూ వంగి చూడని ఒక చోటు చెప్తాను. వెనక చక్రం మధ్యలో, పళ్ల చక్రాల గుత్తి దగ్గర.

ఆ గుత్తి రెండు రకాలు. పాత పద్ధతి ఫ్రీవీల్: మరలున్న హబ్బు (చక్రం నడిమి గుండు) మీదికి మొత్తం గుత్తిని తిప్పి ఎక్కిస్తారు. తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే 'టక టక' యంత్రం గుత్తిలోనే ఉంటుంది. కొత్త పద్ధతి క్యాసెట్: ఆ యంత్రం హబ్బుకే అతికి ఉంటుంది, పళ్ల చక్రాలు దాని మీదికి జారి కూర్చుంటాయి. తేడా ఎక్కడ పడుతుందంటే ఇరుసు మీద. ఫ్రీవీల్ ఉన్న హబ్బులో కుడివైపు బేరింగు గుత్తికి లోపలి పక్కన, అంటే చక్రం మధ్యకి దగ్గరగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా ఉన్న ఇరుసుకి కింద ఆధారం ఏమీ ఉండదు. 7 చక్రాల గుత్తి అంటే ఆ ఖాళీ బాగానే ఉంటుంది. బరువైన మనిషి ఫుట్‌పాత్ మీంచి దిగినప్పుడల్లా ఆ ఇరుసు కొంచెం కొంచెం వంగుతుంది, ఒకరోజు విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో ఆ బేరింగు బయటి చివరకి వచ్చేస్తుంది, ఇరుసుకి ఒత్తిడి తగ్గుతుంది.

నేను 85 కిలోలు. నా మొదటి సైకిల్‌కి ఏడాదిన్నరలో రెండు ఇరుసులు మార్చాను. రెండోసారి విరిగినప్పుడు ఇంటికి పదకొండు కిలోమీటర్లు. సైకిల్ని నడిపించుకుంటూ, వెనక చక్రం ఎత్తి పట్టుకుని వచ్చాను.

షాపులో విప్పకుండానే కనిపెట్టొచ్చు. గుత్తి మధ్యలో, ఇరుసు చుట్టూ, టూలు పట్టే గాడులు కనిపిస్తాయి. పళ్ల చక్రాల్ని చేత్తో వెనక్కి తిప్పండి. గాడులు కూడా వాటితోపాటు తిరిగితే క్యాసెట్. గాడులు కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. 8 గేర్లు ఉన్నాయి కదా క్యాసెట్టే అయ్యుంటుందిలే అనుకోవద్దు. 8 చక్రాల ఫ్రీవీల్ కూడా ఉంటుంది, అందులో ఇరుసు ఖాళీ ఇంకా ఎక్కువ.

లెక్కలమాస్టారు

> కాగితం మీద మొదటిదే గెలుస్తోంది

కాగితం మీదే లెక్క కడదాం. 21 గేర్ల సైకిళ్లలో సాధారణంగా ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 దాకా ఉంటాయి. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టుకి వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. అన్నిటికన్నా బరువైన గేరు 42ని 14తో భాగిస్తే 3.0. తేలికైనది 24ని 28తో భాగిస్తే 0.86. ఇప్పుడు మీ రెండోదాంట్లో ముందు 32, వెనక 11 నుంచి 34 ఉన్నాయనుకుందాం. బరువైనది 2.91, తేలికైనది 0.94. అంటే 21కీ 8కీ ఉన్న అసలు తేడా, గుట్ట ఎక్కేటప్పుడు అట్టడుగున కొంచెం.

మరి మిగతా పదమూడు గేర్లు ఏమయ్యాయి? ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 42/24, 34/20, 24/14 భాగించి చూడండి: 1.75, 1.70, 1.71. కాలికి మూడూ ఒకటే. పైగా ముందు మూడు చక్రాలుంటే ఇంకో డిరైలర్ (చైనుని పక్క చక్రం మీదికి తోసేది), ఇంకో షిఫ్టర్ (గేరు మార్చే మీట), ఇంకో కేబుల్. సర్దుకోవాల్సినవి రెట్టింపు.

గేరు సామాను చేసే షిమానో కంపెనీ మెట్లు కూడా తెలుసుకోండి. మౌంటెన్ వైపు అడుగున టోర్నీ, ఆపైన ఆల్టస్, అసెరా, అలివియో, డియోర్. 2023 నుంచి మధ్య మెట్లని క్యూస్ అనే వరసలోకి తెస్తున్నారు. టోర్నీ ఉందంటే పనికిరాదని కాదు, సరిగ్గా సర్దితే చక్కగా పనిచేస్తుంది. కిటుకు వేరే ఉంది. కొనేవాడి కన్ను పడేది వెనక డిరైలర్ మీద. అక్కడ మాత్రం ఒక మెట్టు పైది పెట్టి, క్రాంకు (పెడల్‌ని పట్టుకునే చెయ్యి), చైను, హబ్బులు, బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే చోట ఫ్రేములో ఉండే బేరింగులు) ఊరూ పేరూ లేనివి వేస్తారు. స్పెక్ షీటులో హబ్బు ఎదురుగా ఏం రాశారో చూడండి. ఉత్తగా 'అల్లాయ్' అని రాసి ఉంటే అది లోహం పేరే తప్ప హబ్బు పేరు కాదు.

పాతసైకిల్

నేనొక పాత మాట చెప్తాను, ఓపికుంటే వినండి. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగే పందేలు పెట్టుకున్నారు. సస్పెన్షన్ లేదు, డిస్కులు లేవు. పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకులు. కిందికి దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగై పోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' అనే పేరు వచ్చింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే మౌంటెన్ బైక్ తెచ్చినప్పుడు కూడా ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) గట్టిదే, స్ప్రింగు లేనిదే. రాక్‌షాక్స్ కంపెనీ మొదటి సస్పెన్షన్ ఫోర్కు 1989లో గానీ రాలేదు.

అంటే మౌంటెన్ బైక్‌కి ప్రాణం టైర్లూ, ఫ్రేమూ, బ్రేకులూ. ఈ బడ్జెట్‌లో గట్టి ఫోర్కు, లావు టైర్లు ఉన్న సైకిల్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకుంటాను. 2.2 అంగుళాల టైర్లో 30, 35 పీఎస్‌ఐ గాలి పెట్టి చూడండి, చవక ఫోర్కు చేసే పని చాలావరకు అదే చేస్తుంది. ఆ ఫోర్కు రెండున్నర కిలోలు తూగుతుంది కూడా.

మట్టిదారి

పాతసైకిల్ గారూ, మీతో సగం ఒప్పుకుంటాను. కళ్లు మూసుకుని మాత్రం ఏదీ కొనకూడదు :)

సస్పెన్షన్ ఫోర్కున్నదే కొంటే దాన్ని ఎలా చూడాలంటే, ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ మీద మీ బరువంతా వేసి నొక్కి వదలండి. పైకి వచ్చేటప్పుడు చివర్లో 'ఠక్'మని లోహం కొట్టిన చప్పుడు వస్తే లోపల ఆపేది ఏమీ లేదన్నమాట. తర్వాత ముందు బ్రేకు పట్టే ఉంచి, ఫోర్కు పై గొట్టం కింది గొట్టంలోకి దిగే చోట, ఆ రబ్బరు సీలు మీద వేలు పెట్టి, సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి. కొత్త ఫోర్కులో కూడా వెంట్రుకవాసి ఆట ఉంటుంది, అది మామూలే. వేలి కింద టక్కు టక్కుమని తెలిస్తే వద్దు.

పైన నాబ్ ఒకటి ఉంటుంది, షాపతను దాన్ని తిప్పి 'సస్పెన్షన్ అడ్జస్ట్‌మెంట్' అంటాడు. అది స్ప్రింగుని ముందే కొంచెం నొక్కి ఉంచుతుంది, అంతే. ఫోర్కు తిరిగి వచ్చే వేగాన్ని అది మార్చదు.

పేరు కూడా చదవండి. ఫోర్కులు చేసే ఎస్ఆర్ సన్‌టూర్‌లో ఎక్స్‌సీటీ కింది మెట్టుది, ఎక్స్‌సీఎం ఆపైది, ఎక్స్‌సీఆర్ ఇంకా పైది. ఏ పేరూ లేని ఫోర్కు కన్నా ఎక్స్‌సీటీ మేలు, కనీసం దాని కొలతలూ విడిభాగాలూ దొరుకుతాయి.

ఎర్రహెల్మెట్

స్పెక్ సంగతి సరే, బిగించడం గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి?

నా మొదటి సైకిల్ డబ్బాలో వచ్చింది, షాపులోనే బిగించి ఇచ్చారు. ఇరవై రోజులు తొక్కాను. మలుపు తిప్పితే కాలి వేళ్లు టైరుకి తగిలేవి, హ్యాండిల్ చేతిలో నిలిచేది కాదు, అటూ ఇటూ పారిపోయేది. నాకే సైకిల్ రాదేమో అనుకున్నాను. ఒకరోజు సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన పెద్దాయన 'అమ్మాయ్, ఫోర్కు వెనక్కి తిప్పి బిగించారు, డిస్కు కుడివైపుంది చూడు' అన్నారు. నిజమే! సీటు మీద కూర్చుంటే ముందు డిస్కు ఎడమ చేతి వైపు ఉండాలి. నాది కుడివైపు ఉంది. షాపుకి తీసుకెళ్తే 'అన్నీ ఇలాగే వస్తాయి మేడమ్' అన్నాడు. పక్కనే నిలబెట్టి ఉన్న సైకిళ్లు చూపించాను. ఒకటి కాదు, మూడు అలాగే ఉన్నాయి.

ఇంకోటి, ఎడమ పెడల్‌కి మర వ్యతిరేకం. అది తెలియనివాడు కుడి పెడల్‌ని ఎడమవైపు బలవంతంగా బిగిస్తే క్రాంకులో మరలు చెడిపోతాయి, నెలలోపు పెడల్ ఊడి చేతికొస్తుంది. పెడల్ చివర ఎల్, ఆర్ అక్షరాలు ఉంటాయి. పెడల్ క్రాంకుకి తిన్నగా కూర్చుందా, వంకరగా ఎక్కిందా, అది కూడా చూసుకోండి.

గ్రీజుచేతులు

ఎర్రహెల్మెట్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు. నా దగ్గరికి వచ్చే 'చెత్త సైకిళ్ల'లో చాలావాటి రోగం బిగింపే.

కొత్తచక్రం గారూ, షాపుకి వెళ్లి ఒక పది నిమిషాలు ఇలా చేయండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

రెండు క్రాంకుల్నీ రెండు చేతులతో పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపండి. రెండూ కలిసి కదిలితే ఆట బాటమ్ బ్రాకెట్‌లో. ఒక్కటే కదిలితే ఆ క్రాంకు బోల్టు లూజు, అది చిన్న విషయం. అయితే లూజుగానే తొక్కితే క్రాంకుకున్న నలుచదరపు రంధ్రం అరిగిపోయి ఎంత బిగించినా నిలవదు. ముందు బ్రేకు పట్టి, హ్యాండిల్ కింద ఫ్రేము మొదట్లో ఉన్న కప్పు చుట్టూ వేళ్లు చుట్టి, సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి. అక్కడ కదలిక ఉండకూడదు. తర్వాత ముందు చక్రం నేల నుంచి ఎత్తి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పండి. గరగరలాడకుండా, మధ్యలో పట్టేయకుండా తిరగాలి.

చక్రానికి చాలా టైము కేటాయించండి. వెనక చక్రం ఎత్తి, బొటనవేలు చైన్‌స్టే (పెడల్ దగ్గర నుంచి వెనక ఇరుసుకి వెళ్లే ఫ్రేము గొట్టం) మీద ఆనించి, గోరు రిమ్ముకి ఒక బియ్యపు గింజంత దూరంలో ఉంచి తిప్పండి. రిమ్ము పక్కలకి మిల్లీమీటరు ఆడితే బెండు తీయించొచ్చు. పైకీ కిందికీ ఎగురుతుంటే మాత్రం ఆ చక్రం వద్దనండి. తర్వాత పుల్లల్ని ఒక్కొక్కటీ మీటండి. ఒకే పక్కనున్నవి దాదాపు ఒకే స్వరంలో మోగాలి. వెనక చక్రంలో కుడివైపు పుల్లలు ఎడమవాటికన్నా బిగువుగా ఉంటాయి, కాబట్టి కుడిని కుడితోనే పోల్చండి. 'టింగ్'మనే వాటి మధ్య ఒకటి 'డబ్'మంటే అది లూజు. నాలుగైదు అలా ఉంటే ఆ చక్రాన్ని మనిషి చెయ్యి ముట్టుకోలేదన్నమాటే. రిమ్ము డబుల్ వాల్ (రెండు పొరల గోడ) అని రాసి ఉందో లేదో చూడండి.

వెనక నిలబడి డిరైలర్‌ని చూడండి. అందులోని రెండు చిన్న చక్రాలూ, వాటి పైనున్న పళ్ల చక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. లోపలికి వంగి ఉంటే రవాణాలో సైకిల్ కుడివైపు పడిందన్నమాట. డిరైలర్ వేలాడే ముక్క ఫ్రేముకి బోల్టుతో బిగించినదై ఉంటే వంగినా మార్చుకోవచ్చు, అల్లాయ్ ఫ్రేములో ఇది తప్పనిసరి.

లెక్కలమాస్టారు

దీనికి నాదొక ముక్క. మార్చుకోగలిగేవాటికీ మార్చుకోలేనివాటికీ వేరువేరుగా మార్కులు వేయండి. పెడల్, సీటు, టైర్లు, చైను అరిగాక ఎలాగూ మారుస్తాం. ఫ్రేము మారదు, చక్రాలు మార్చడం సగం సైకిల్ కొన్నట్టు. ఫోర్కు కాడ దూరే ఫ్రేము ముందు గొట్టం పైనా కిందా ఒకే లావుంటే రేపు మంచి ఫోర్కు వేద్దామన్నా ఎంపిక చాలా తక్కువ, ఇప్పటి ఫోర్కుల కాడలు కింద లావుగా ఉంటాయి.

సైకిల్ మాన్యువల్లో వాడకం కేటగిరీ చదవండి. సైకిళ్ల వాడకాన్ని వర్గీకరించే ఏఎస్‌టీఎం ఎఫ్2043 ప్రమాణం ప్రకారం రెండో కేటగిరీ అంటే మట్టి రోడ్డు, 15 సెంటీమీటర్ల లోపు దూకుళ్లు. మూడోది అంటే గరుకు ట్రయల్స్, 61 సెంటీమీటర్ల లోపు. ఫ్రేము మీద 'ఎక్స్‌ట్రీమ్' అని రాసి, మాన్యువల్లో మాత్రం 'చదునైన రోడ్లకు' అని రాసినవి నేను చూశాను. ఎవరి మాట నమ్మాలో మీకే తెలుసు.

అడ్డప్రశ్న

డిస్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. చవక డిస్కు కన్నా, రిమ్ముని రెండు పక్కలా నొక్కే పాత వీ బ్రేకులే నయమంటే తప్పా?

పాతసైకిల్

తప్పేం కాదు నాయనా, ఎండలో నూటికి నూరు నిజం.

గ్రీజుచేతులు

పొడి రోడ్డు మీద మంచి వీ బ్రేకు, చవక కేబుల్ డిస్కుని కచ్చితంగా ఓడిస్తుంది. బురదలో, రిమ్ము వంకరపోయినప్పుడు డిస్కే నయం. చవక కేబుల్ డిస్కుల్లో సాధారణంగా ఒక ప్యాడే కదులుతుంది. అది డిస్కుని అవతలి ప్యాడ్ మీదికి తోస్తుంది. అందుకే కదలని ప్యాడ్‌ని డిస్కుకి వెంట్రుకంత దూరంలో పెట్టి ఉంచాలి. చాలామంది అది తెలియక 'బ్రేకు పడట్లేదు' అంటారు. లివరు గట్టిగా పట్టి చూడండి, హ్యాండిల్‌కి తగిలిందంటే సర్దలేదు. కొత్త ప్యాడ్లు మొదటిరోజు ఎలాగూ సరిగ్గా పట్టవు. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకుని, దాదాపు ఆగేదాకా బ్రేకు వేసి, ఇరవైసార్లు చేస్తే దారికొస్తాయి.

కొత్తచక్రం

ఇవాళ వెళ్లొచ్చాను. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను, షాపతను దాన్ని చూసి 'పరీక్ష రాయడానికి వచ్చారా సార్' అన్నాడు.

మొదటి సైకిల్: గాడులు తిరగలేదు, ఫ్రీవీలే. వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపితే ఫ్రేము కీలు దగ్గర కదలిక కంటికే కనిపించింది. కొత్త సైకిల్! ఎత్తి చూశాను, రెండోదానికన్నా బాగా బరువు.

రెండోది: గాడులు తిరిగాయి. క్రాంకులో ఆట లేదు. ఫోర్కు ఎక్స్‌సీటీ, 'ఠక్'మంది కానీ గట్టిగా కాదు. వెనక చక్రం బాగుంది. ముందు చక్రంలో మూడు పుల్లలు 'డబ్' అన్నాయి. ముందు బ్రేకు లివరు హ్యాండిల్‌కి తగిలింది. ముందు పళ్ల చక్రం క్రాంకుకి రివిట్లతో బిగించి ఉంది, అది పర్లేదా? ముందు గొట్టం పైనా కిందా ఒకే లావు.

గ్రీజుచేతులు

రివిట్లంటే పళ్లు అరిగాక క్రాంకుతో సహా మార్చాలి. ఈ ధరలో అది క్షమించొచ్చు. పుల్లలు బిగించి బెండు తీసి, బ్రేకు సర్దాకే డబ్బిస్తానని చెప్పండి. మీ కళ్ల ముందు చేయించుకోండి.

లెక్కలమాస్టారు

ముందు గొట్టం సంగతి మర్చిపోండి. ఆ సైకిల్‌కి ఖరీదైన ఫోర్కు వేయాలనిపించిన రోజు మీకు కావాల్సింది ఇంకో సైకిల్.

మట్టిదారి

కొనేముందు ఎక్కి కూర్చుని చూశారు కదా? సీటు ముందుకి దిగి, రెండు పాదాలూ నేల మీద ఆనించి నిలబడితే ఫ్రేము పై గొట్టానికీ తొడల మధ్యకీ రెండు, మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. సైజు తప్పితే మిగతావన్నీ పాసయినా వేస్టే.

కొత్తచక్రం

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రెండోదే తీసుకున్నాను. బూడిద రంగుకి కూడా అలవాటు పడ్డాను. ఇప్పటికి 190 కిలోమీటర్లు అయ్యాయి.

రెండు సమస్యలు. గేరు పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి ఆలోచిస్తోంది, ఒక్కోసారి రెండుసార్లు నొక్కాల్సి వస్తోంది. రెండోది, కూర్చుని గట్టిగా తొక్కితే 'కిర్రు కిర్రు'మంటోంది. బాటమ్ బ్రాకెట్ పోయిందేమోనని టెన్షన్. క్రాంకులు ఊపి చూశాను, ఆట లేదు.

గ్రీజుచేతులు

గేరు సంగతి మామూలే. కొత్త కేబుల్ మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లలో సర్దుకుని కాస్త లూజవుతుంది. కేబుల్ డిరైలర్‌లోకి దూరే చోట ఒక చిన్న గుండ్రటి నాబ్ ఉంటుంది. దాన్ని అపసవ్యంగా అర చుట్టు తిప్పి చూడండి. చాలకపోతే ఇంకో పావు.

శబ్దానికి: లేచి నిలబడి తొక్కినప్పుడు వస్తోందా?

కొత్తచక్రం

లేదు. కూర్చుంటేనే.

గ్రీజుచేతులు

అయితే బాటమ్ బ్రాకెట్ కాదు. సీటు గొట్టం పైకి లాగి, గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు రాసి మళ్లీ దింపండి. దింపే ముందు ఎంత ఎత్తులో ఉందో టేపుతో గుర్తు పెట్టుకోండి.

కొత్తచక్రం

చేశాను. గొట్టం లోపల ఇసుక! శబ్దం పోయింది. టేపు పెట్టడం మాత్రం మర్చిపోయాను, ఇప్పుడు సీటు ఎంత ఎత్తులో ఉండేదో గుర్తు రావట్లేదు.

ఎర్రహెల్మెట్

మడమ పెడల్ మీద పెట్టి అట్టడుగుకి తిప్పండి, మోకాలు తిన్నగా సాగితే సరిపోయినట్టే. తర్వాత టేపు వేయండి!